న్యూజెర్సీలో ‘ప్రిజర్వ్‌డ్ ఫార్మ్’ అమ్మకానికి ఉంది, కొనొచ్చా?

చింతచెట్టు:
అందరికీ నమస్కారం. మేం నలుగురు స్నేహితులం, ఎడిసన్ చుట్టుపక్కల ఉంటాం. హంటర్‌డన్ కౌంటీలో 46 ఎకరాల పొలం ఒకటి అమ్మకానికి వచ్చింది. పక్క భూముల రేటుతో పోలిస్తే ఎకరం సగం కంటే తక్కువకే పడుతోంది. ఎందుకింత తక్కువ అని ఏజెంట్‌ని అడిగితే, "ఇది ప్రిజర్వ్‌డ్ ఫార్మ్. డెవలప్‌మెంట్ హక్కులు పాత ఓనరు ఎప్పుడో అమ్మేశాడు, డీడ్‌లో ఆంక్షలుంటాయి" అంది.

మా ప్లాన్ ఏంటంటే, నలుగురం కలిసి కొని తలా పదకొండున్నర ఎకరాలు పంచుకుని, ఎవరిల్లు వాళ్లు కట్టుకుని, మిగతా దాంట్లో కూరగాయలు, నాలుగు ఆవులు. మాలో ఒకడు "పదేళ్లు ఓపిక పడితే ఆంక్షలు ఎలాగూ ఎత్తేస్తారు, అప్పుడు రేటు మూడింతలవుతుంది" అంటున్నాడు. మా ఆవిడ మాత్రం అసలు ఇది క్లియర్ టైటిలేనా అని టెన్షన్ పడుతోంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

హంటర్‌డన్_వాసి:
టైటిల్ గురించి మీ ఆవిడని కంగారు పడొద్దనండి. అది మామూలు భూమికి ఉన్నట్టే ఉంటుంది. కొనొచ్చు, అమ్మొచ్చు, పిల్లలకి రాసివ్వొచ్చు, బ్యాంకులో తాకట్టు పెట్టొచ్చు. మన దగ్గర అసైన్డ్ భూమికి ఉన్నట్టు చేతులు మారడానికి ఇబ్బందేమీ లేదు. ఆ భూమిని దేనికి వాడుకోవాలన్న దాని మీదే కట్టడి.

మీ ప్లాన్‌లో మిగతాదంతా కుదరదు. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మనవాళ్లు చాలామంది ఆ చవక రేటు చూసి ఇక్కడే పొరపడుతున్నారు.

1981లో ఈ రాష్ట్రంలో ఓటర్లు 5 కోట్ల డాలర్ల బాండ్లకి ఓటేశారు, పొలాలు ఇళ్ల వెంచర్ల పాలు కాకుండా కాపాడటానికి. 1983లో చట్టం వచ్చింది. అది పనిచేసే తీరు ఇదీ: రైతు తనంతట తానే దరఖాస్తు పెట్టుకుంటాడు. ఇద్దరు వేర్వేరు అప్రైజర్లు వచ్చి రెండు లెక్కలు కడతారు. బిల్డర్‌కి అమ్మితే ఎకరం ఎంత, ఎప్పటికీ సేద్యానికే అయితే ఎంత. ఉదాహరణకి మొదటిది 30 వేల డాలర్లు, రెండోది 12 వేలు అనుకోండి. ఆ తేడా 18 వేలు. ఎకరానికి అంత చొప్పున రాష్ట్రం, కౌంటీ, ఒక్కోచోట టౌన్‌షిప్ కలిసి రైతుకి చెల్లిస్తాయి. బదులుగా ఆయన, ఈ భూమి ఎప్పటికీ సేద్యానికే అని రాసిచ్చే ‘డీడ్ ఆఫ్ ఈజ్‌మెంట్’ మీద సంతకం పెడతాడు. అది కౌంటీ క్లర్క్ ఆఫీసులో రిజిస్టరవుతుంది. ఆ తర్వాత ఆ భూమి ఎంతమంది చేతులు మారినా ఆ కాగితం దాంతోపాటే వెళ్తుంది. మీకు పడుతున్న రేటు ఆ రెండో లెక్క. మొదటి లెక్కలో ఉన్న మిగతా డబ్బు పాత ఓనరు ఎప్పుడో తీసేసుకున్నాడు, అదీ మనందరి పన్నుల్లోంచి.

కాబట్టి పంపకం విషయం. పొలాన్ని ముక్కలు చేయాలంటే ఈ పథకం చూసే కౌంటీ బోర్డూ, రాష్ట్ర కమిటీ రెండూ ఒప్పుకోవాలి. ప్రతి ముక్కా దానికదే సేద్యానికి గిట్టుబాటు కావాలి. 46 ఎకరాల్ని నాలుగు చేస్తామంటే ఒప్పుకుంటారని నేననుకోను.

ఇల్లు విషయం. ఉన్న ఇల్లు పడగొట్టి అనుమతితో మళ్లీ కట్టుకోవచ్చు. ‘ఎక్సెప్షన్ ఏరియా’ అని, ఆ రోజు రైతు డబ్బు తీసుకోకుండా పక్కన పెట్టుకున్న ముక్క ఏదైనా ఉంటే అందులో డీడ్ ఒప్పుకున్నంత వరకూ కట్టుకోవచ్చు. పెద్ద పొలాలకైతే 100 ఎకరాలకి ఒకటి చొప్పున అదనపు ఇంటికి వీలుండొచ్చు, అదీ పొలం పనిలో ఉన్నవాళ్లు ఉండటానికే. 46 ఎకరాలకి అది రాదు.

పదేళ్లకి ఎత్తేస్తారన్న మీ స్నేహితుడికి నా మాటగా చెప్పండి: ఇది శాశ్వతం. ఆ ఆశతో కొనాలనుకుంటే ఆయన్ని దయచేసి ఈ పొలం జోలికి రావద్దనండి. నిజంగా సేద్యం చేయాలనుకునే కుర్రాళ్లు ఈ రేటుకి మాత్రమే భూమి కొనగలుగుతున్నారు ఇక్కడ.

చింతచెట్టు:
అన్నా, చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా ఏజెంట్ కూడా చెప్పలేదు. పదేళ్ల మాట అన్న మా స్నేహితుడు మాత్రం ఇంకా నమ్మట్లేదు. "మన దగ్గర 111 జీవో ఎత్తేయలేదా, ఇదీ అంతే" అంటున్నాడు.

మంజీర:
111 జీవో మాటొచ్చింది కాబట్టి రాస్తున్నా. మాది మొయినాబాద్ వైపు ఊరు. మా నాన్నకు ఇప్పటికీ అక్కడ భూమి ఉంది.

1996 మార్చిలో వచ్చింది ఆ జీవో. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల లోపల 84 ఊళ్లు, లక్షా 32 వేల ఎకరాలు. చెరువుల్లోకి వచ్చే నీళ్లు ఆగొద్దు, మురికి కావొద్దు అని. ఉద్దేశం మంచిదే, నేనొప్పుకుంటా. హైదరాబాద్ ఆ నీళ్లు తాగి పెరిగింది. కానీ మా ఊళ్లో ఎవరినీ అడగలేదు, ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వలేదు. అవతల కోకాపేటలో భూముల ధరలు ఎట్ల పెరిగాయో అందరికీ తెలుసు, 2023లో ఎకరం వంద కోట్లు దాటి వేలం పోయింది. ఇవతల మా నాన్న బిడ్డ పెళ్లికి రెండెకరాలు అమ్ముదామంటే సరైన ధర పలకలేదు. నగరానికి నీళ్లు కావాలి, దానికి ఖర్చు మాత్రం 84 ఊళ్ల రైతులు భరించాలి. ఇది ఏ న్యాయం?

అందుకే ఎన్నికలొచ్చిన ప్రతిసారీ మా దగ్గర అదే హామీ, 111 ఎత్తేస్తామని. 2022లో సడలించారు, 2023లో ఎత్తేస్తున్నట్టు కేబినెట్ నిర్ణయం చెప్పారు. రైతులే ఎత్తేయమని అడిగారు కదా అంటారు. అడగరా మరి? పైగా ఆంక్షలున్న రోజుల్లో కూడా పైసలున్నోళ్ల ఫాంహౌస్‌లు లేస్తనే ఉన్నాయి. కట్టడి మొత్తం చిన్న రైతుకే.

అన్న చెప్పిన పద్ధతిలో మా నాన్నకు 1996లోనే ఆ తేడా డబ్బు ఇచ్చి సంతకం పెట్టించుకుని ఉంటే, ఆయన సంతోషంగా జొన్న, కూరగాయలు వేసుకుంటూ ఉండేవాడు. ఎత్తేయమని ఎవరూ ధర్నా చేసేవాళ్లు కాదు. చింతచెట్టు గారూ, మీ స్నేహితుడికి తేడా ఇక్కడుందని చెప్పండి. జీవో ఒక ప్రభుత్వం ఇస్తుంది, ఇంకో ప్రభుత్వం తీసేస్తుంది. రైతు డబ్బు తీసుకుని రిజిస్టర్ చేసిచ్చిన హక్కును తీసేయాలంటే ఎవరికి అవసరం?

ప్లీడరుగారబ్బాయి:
మంజీర గారూ, మీరన్నది నిజం. ఒక సంగతి మాత్రం చెప్పాలి. మన దగ్గర ఈ పద్ధతి పెట్టాలంటే ఇప్పుడున్న చట్టాలు సరిపోవు. విజయవాడలో సివిల్ కేసులు చూస్తుంటాను కాబట్టి రోజూ ఎదురయ్యే విషయమే ఇది.

మనకి ఈజ్‌మెంట్ల చట్టం 1882 నాటిది. దాని ప్రకారం ఆ హక్కు ఉండాలంటే పక్కన ఇంకో భూమి ఉండాలి. నా పొలానికి వెళ్లడానికి మీ పొలంలోంచి బండి దారి, నా చేలోకి మీ గట్టు మీదుగా నీటి కాలువ, ఇలాంటివి. నా భూమి సుఖంగా అనుభవించడానికి మీ భూమి మీద నాకున్న హక్కు. అక్కడ సెంటు భూమి కూడా లేని ఒక ట్రస్టు వచ్చి "ఈ పొలంలో ఎవరూ ఎప్పటికీ ప్లాట్లు వేయకూడదన్న హక్కు మాది" అంటే మన చట్టంలో దానికి చోటు లేదు. అమెరికాలోనూ పాత న్యాయసూత్రాల ప్రకారం ఇదే చిక్కు ఉండేది. రాష్ట్రాలు విడిగా చట్టాలు చేసుకుని దాటాయి. 1981లో అన్ని రాష్ట్రాలకీ నమూనాగా ఒక చట్టం ముసాయిదా కూడా తయారైంది.

రిజిస్టర్ చేసుకున్న ఒప్పందం చాలదా అని నన్ను ఇద్దరు ముగ్గురు రైతులు అడిగారు. చాలదు. ఒప్పందం సంతకం పెట్టినవాళ్ల మధ్య నిలబడుతుంది. మూడో ఓనరు దగ్గరికొచ్చేసరికి కోర్టులో తేలిపోతుంది. శాసనసభ చట్టం చేయాల్సిన పని ఇది.

8ఏ_పడమర:
నేను క్రాన్‌బరీ పక్కన ఉంటాను. న్యూజెర్సీ టర్న్‌పైక్ హైవే మీద 8ఏ ఎగ్జిట్ దగ్గర దిగి ఒకసారి తిరిగి చూడండి, ఈ చర్చ మొత్తం కళ్లకి కనపడుతుంది.

130 రూటుకి తూర్పున వరసగా గోదాములు. ఒక్కోటి ఎంత పొడుగంటే, కారులో పక్కనుంచి వెళ్తుంటే గోడ అయిపోదు. తెల్లవారుజామున ట్రక్కులు రివర్స్ గేరు వేసినప్పుడల్లా ఆ బీప్ బీప్ శబ్దం కిటికీలు మూసినా వినిపిస్తుంది. వానొస్తే నీళ్లు ఇంకడానికి మట్టి లేదు, అంతా కాంక్రీటు, తారు. రూటుకి పడమర వైపు వెళ్తే సోయా, మొక్కజొన్న, గుమ్మడి. ఊరికి రెండు మొహాలున్నట్టు ఉంటుంది. పడమర వైపు ఆ పొలాలు వాటంతటవే మిగల్లేదు. టౌన్‌షిప్, కౌంటీ, రాష్ట్రం ఏళ్ల తరబడి ఒక్కో పొలం హక్కులూ కొనుక్కుంటూ వచ్చాయి. మనం కట్టే ప్రాపర్టీ టాక్స్ బిల్లులో ఓపెన్ స్పేస్ అని ఒక చిన్న లైను ఉంటుంది చూడండి, ఆ డబ్బే.

ఇంకోటి. 2025లో అదే క్రాన్‌బరీలో ప్రిజర్వ్ చేయని 21 ఎకరాల పొలాన్ని అఫర్డబుల్ హౌసింగ్ కోసం బలవంతంగా సేకరించాలని టౌన్‌షిప్ చూసింది. తరతరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉన్న పొలం. గొడవ దేశమంతా పాకింది, చివరికి విరమించుకున్నారు. చుట్టూ గోదాములు వచ్చినా అమ్మకుండా నిలబెట్టుకున్న పొలం అది. అమ్మను అని రైతు ఒక్కడు పట్టుదలగా ఉంటే సరిపోదని అప్పుడు అర్థమైంది నాకు.

కృష్ణలంక_మేరీలాండ్:
ఇక్కడ అందరూ ఒకే మాట మీద ఉన్నారు కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. నేను పొలాలకి వ్యతిరేకిని కాదు. కానీ అఫర్డబుల్ హౌసింగ్ అనగానే అదేదో విలన్ అన్నట్టు మాట్లాడటం నాకు కష్టంగా ఉంది.

మా మాంట్‌గమరీ కౌంటీలో 1980లో 93 వేల ఎకరాలు అగ్రికల్చరల్ రిజర్వ్ అని పెట్టారు. 25 ఎకరాలకి ఒక్క ఇల్లు. దేశమంతా దాన్ని మెచ్చుకుంటుంది, నాకూ అక్కడికి పిల్లల్ని తీసుకెళ్లడం ఇష్టం. అదే కౌంటీలో నాలుగేళ్లుగా ఇల్లు కొనలేక అద్దెకుంటున్నాను. నర్సులు, బస్సు డ్రైవర్లు, స్కూలు సిబ్బంది గంటన్నర దూరం నుంచి వస్తున్నారు. పొలం పచ్చగా ఉండాలని ఓటేసే ఆయనే, తన వీధిలో అపార్ట్‌మెంట్లు వద్దని మీటింగ్‌కి వచ్చి మాట్లాడతాడు. అప్పుడు ఇళ్లు ఎక్కడ కట్టాలి? పచ్చదనం పేరుతో ఉన్నవాళ్లు తమ ఇంటి వెనక వ్యూ కాపాడుకుంటున్నారన్న విమర్శ ఉత్తదే అని ఎవరైనా చెప్పగలరా?

హంటర్‌డన్_వాసి:
చెప్పలేను. మీరన్నది నేనూ చూశాను. మా టౌన్‌షిప్‌లోనే ప్రిజర్వేషన్‌కి చప్పట్లు కొట్టి, ఆ తర్వాతి అజెండాలో టౌన్‌హౌస్‌లకి అడ్డుపడ్డ మనుషులున్నారు. అది తప్పు.

అయితే మీ కౌంటీ ఉదాహరణలోనే జవాబు కూడా ఉంది. ఆ రిజర్వ్ రైతులకి 5 ఎకరాలకి ఒకటి చొప్పున టీడీఆర్, అంటే కట్టుకునే హక్కుని వేరేచోటికి బదిలీ చేసుకునే వీలు, ఇచ్చారు. హైదరాబాద్‌లో రోడ్డు వెడల్పు చేస్తే ఇస్తారే, ఆ టీడీఆరే. రైతు దాన్ని బిల్డర్‌కి అమ్ముకుంటాడు, బిల్డర్ మెట్రో, బస్సు ఉన్నచోట ఇంకా ఎక్కువ ఇళ్లు కట్టుకుంటాడు. అంటే పొలంలో తగ్గిన ఇళ్లు పట్నంలో లేవాలి. ఆ రెండో సగం సరిగ్గా జరగనివ్వకపోతేనే మీరు చెప్పిన పరిస్థితి వస్తుంది. దానికి కొట్లాడాల్సింది అపార్ట్‌మెంట్లు వద్దనేవాళ్లతో. మొక్కజొన్న చేను కొట్టేసి అక్కడ ఎకరం స్థలంలో ఒక్కో పెద్ద ఇల్లు కడితే మీ బస్సు డ్రైవర్‌కి అందులో చోటుండదు. హంటర్‌డన్‌లో పొలాలు పోయి వచ్చినవి ఎక్కువగా అలాంటి ఇళ్లే.

కృష్ణలంక_మేరీలాండ్:
ఈ మాట ఒప్పుకుంటాను. ఎకరం స్థలం ఇళ్ల వల్ల నాకు ఒరిగేదేమీ లేదు. కానీ రెండూ ఒకే ఓటుగా పెట్టాలి, హక్కులు కొనడానికి డబ్బు అడిగిన రోజే ఊళ్లో ఇళ్లెక్కడ కడతారో కూడా చెప్పాలి. ఆ షరతు లేకపోతే నా ఓటు పడదు.

లాంకస్టర్_లలిత:
పెన్సిల్వేనియా నుంచి. మా కౌంటీలో లక్ష ఎకరాలకి పైగా ఇలా కాపాడారు. అంతకంటే ముఖ్యమైంది, అవి పక్కపక్కనే ఉండేలా చూసుకున్నారు. చింతచెట్టు గారూ, కొనే ముందు ఇది చూడండి. మీ 46 ఎకరాల పక్కన ఏముంది?

చుట్టూ ఇళ్లొచ్చి మధ్యలో ఒక్క పొలమే మిగిలితే కష్టం. పేడ వాసన వస్తోందని కంప్లైంట్, ట్రాక్టర్ రోడ్డు మీద మెల్లగా పోతోందని హారన్లు. రైట్ టు ఫార్మ్ చట్టం రైతు పక్షానే ఉంటుంది, కానీ రోజూ పొరుగువాళ్లతో పడాలి కదా. ఇంకా పెద్ద కష్టం, పొలాలు తగ్గేకొద్దీ ట్రాక్టర్ రిపేరు షాపు మూతపడుతుంది, దాణా మిల్లు మూతపడుతుంది, పశువుల డాక్టరు వేరే కౌంటీకి వెళ్లిపోతాడు. మా దగ్గర పాత పద్ధతిలో సేద్యం చేసుకుని బతికే ఆమిష్ మతవర్గం వాళ్ల వల్ల అవన్నీ ఇంకా నిలబడ్డాయి. కాగితం భూమిని కాపాడుతుంది, సేద్యాన్ని కాపాడాలంటే పక్కన ఇంకా నాలుగు పొలాలుండాలి.

చింతచెట్టు:
లలితక్కా, ఈ కోణం మాకసలు తట్టలేదు. మ్యాప్ తీసి చూశాను. రెండు వైపులా ప్రిజర్వ్‌డ్ పొలాలే, ఒక వైపు కౌంటీ పార్క్, ఇంకో వైపు రోడ్డు.

ఇంకో ప్రశ్న. మాకు ఒక వాట్సాప్ గ్రూప్‌లో ఫ్లయర్ వచ్చింది, ఈజ్‌మెంట్ స్కీమ్‌లో లక్ష డాలర్లు పెడితే నాలుగు లక్షల టాక్స్ డిడక్షన్ అని. మేం కొనే పొలానికీ దీనికీ సంబంధం ఉందా?

పన్నుల_పద్దు:
సంబంధం లేదు, దయచేసి ఆ ఫ్లయర్ డిలీట్ చేయండి.

అసలు పద్ధతి వేరు. కొందరు రైతులు హక్కులు అమ్మకుండా, భూముల్ని కాపాడే ల్యాండ్ ట్రస్టు అనే సంస్థకి ఉచితంగా ఇచ్చేస్తారు. దానికి ఫెడరల్ టాక్స్‌లో మినహాయింపు ఉంది, సెక్షన్ 170(హెచ్). మామూలు వ్యక్తికి ఏటా ఆదాయంలో సగం దాకా, రైతుకి మొత్తం ఆదాయం దాకా తగ్గించుకోవచ్చు, మిగిలింది 15 ఏళ్ల దాకా ముందుకి తీసుకెళ్లొచ్చు. భూమి తప్ప చేతిలో డబ్బు లేని రైతు కుటుంబాలకి అది నిజంగా మేలు చేసింది.

దాన్ని కొందరు ప్రమోటర్లు వ్యాపారం చేశారు. ఎక్కడో పనికిరాని భూమి కొని, వాటాలు అమ్మి, దాని విలువ పది రెట్లని అప్రైజల్ రాయించి డిడక్షన్లు పంచారు. ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్ఎస్ వెంటపడింది, కోర్టు కేసులు, జైలు శిక్షలు కూడా పడ్డాయి. 2022 డిసెంబర్‌లో చట్టమే మార్చారు: అలా పార్ట్‌నర్‌షిప్‌గా పెట్టినప్పుడు, కొన్ని మినహాయింపులు తప్ప, పెట్టిన దానికి రెండున్నర రెట్లు మించి డిడక్షన్ అడిగితే మొత్తం కొట్టేస్తారు. మన డాక్టర్లు, బిజినెస్‌వాళ్లకి ఇలాంటి ఫ్లయర్లు ఎక్కువగా వస్తాయి కాబట్టి గట్టిగా చెప్తున్నాను. మంచి పనికి పెట్టిన చట్టాన్ని వీళ్లు చెడగొడితే, నిజంగా భూమి ఇచ్చిన రైతు కూడా ఆడిట్లో ఇరుక్కుంటున్నాడు.

మీకు పనికొచ్చేది వేరే ఉంది, సేద్యంలో ఉన్న భూమికి ప్రాపర్టీ టాక్స్ తగ్గించే ఫార్మ్‌ల్యాండ్ అసెస్‌మెంట్. కనీసం 5 ఎకరాలు సేద్యంలో ఉండి, మొదటి 5 ఎకరాల మీద ఏటా వెయ్యి డాలర్ల అమ్మకాలు, ఆ పైన ఎకరానికి 5 డాలర్లు చూపించాలి. ఆగస్టు 1 లోపు ఏటా ఫారం ఇవ్వాలి. ప్రిజర్వ్ చేసిన పొలం కాబట్టి అదే వస్తుందిలే అని వదిలేస్తే టాక్స్ బిల్లు చూసి గుండె ఆగుతుంది.

హంటర్‌డన్_వాసి:
పన్నుల పద్దు గారు చెప్పిన దానికి తోడుగా, మట్టి గురించి ఒక మాట.

మా కౌంటీలోనే ఒక ప్రిజర్వ్‌డ్ పొలంలో యజమాని పూల మొక్కలకి ప్లాస్టిక్ షెడ్లు వేయడానికి సుమారు 20 ఎకరాలు చదును చేశాడు. పూలు పెంచడం సేద్యమే కదా అని ఆయన వాదన. కానీ పై మట్టి ఎత్తి పక్కన పోసి, కింది మట్టితో కలిపేసి, నేలని బల్లలా చేశారు. వందల ఏళ్లకి తయారైన పైపొర పోయింది. కేసు రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. క్వేకర్ వ్యాలీ ఫార్మ్స్ కేసు, 2018 తీర్పు. షెడ్లు వేసే హక్కుంది గానీ, ఈజ్‌మెంట్ కాపాడేది మట్టిని కూడా, దాన్ని పాడు చేసే హక్కు లేదని కోర్టు తేల్చింది. ఎంతవరకు కదపొచ్చో రైతుకి ముందే స్పష్టంగా చెప్పాల్సిందని రాష్ట్రానికీ చురక పెట్టింది. ఆ తర్వాతే మట్టి కదిలించడానికి ఇన్ని ఎకరాలని పరిమితులు వచ్చాయి.

కాబట్టి పాలీహౌస్ ఆలోచన ఉంటే మెషిన్ పిలిచే ముందు కౌంటీ బోర్డుకి ఫోన్ చేయండి. ఏడాదికోసారి వాళ్లే వచ్చి పొలమంతా నడిచి చూసి రిపోర్ట్ రాసుకుంటారు. పోలీసుల్లా కాదు, మంచిగానే మాట్లాడతారు. మొదటిసారి మీరు కూడా వాళ్లతో నడవండి, గట్టు ఎక్కడ కోసుకుపోతోందో వాళ్లే చూపిస్తారు.

అడగకపోయినా ఇంకోటి. మనవాళ్లు పెళ్లిళ్లకి అద్దెకిద్దామంటారు. 2023 నుంచి దానికి దారి ఉంది. ఏటా కనీసం 10 వేల డాలర్ల పంట తీసే పొలమైతే అనుమతితో ఏడాదికి 26 ఫంక్షన్ల దాకా చేసుకోవచ్చు, 250 మంది గానీ అంతకు మించి గానీ వచ్చేవి అందులో ఆరే. మన పెళ్లిళ్లన్నీ ఆ ఆరులోకే వస్తాయి, దాని మీద లెక్కలేసుకుని మాత్రం కొనకండి.

చింతచెట్టు:
అప్‌డేట్. కౌంటీ క్లర్క్ ఆఫీసు నుంచి డీడ్ ఆఫ్ ఈజ్‌మెంట్ కాపీ తెప్పించుకున్నాం, అటార్నీతో కూర్చుని చదివాం. పాత ఇంటి చుట్టూ 2 ఎకరాల ఎక్సెప్షన్ ఏరియా ఉంది. అందులో ఒక్క ఇల్లే ఉండాలి, ఆ ముక్కని విడదీసి అమ్మకూడదు. అన్న చెప్పినట్టే అదనపు ఇల్లు లేదు.

నలుగురిలో ఇద్దరు తప్పుకున్నారు. ‘పదేళ్లు ఆగుదాం’ అన్న స్నేహితుడు వాళ్లలో ఒకడు. మేం రెండు కుటుంబాలు ఉమ్మడిగా కొనాలనుకుంటున్నాం. పాత ఇల్లు బాగు చేసుకుని మేం ఉంటాం, రెండో కుటుంబం వాళ్లు ఎడిసన్‌లోనే ఉంటూ వారాంతాలకి వస్తారు. ఇప్పుడా పొలంలో ఎండుగడ్డి వేస్తున్న కౌలు రైతు ఒకాయన ఉన్నాడు, అరవై దాటాడు. మీరు కొన్నాక నన్ను తీసేస్తారా అని మొదటి మాటే అడిగాడు. తీసేయం అని చెప్పాం. 36 ఎకరాలు ఆయనకే ఉంచి, ఇంటి దగ్గర 8 ఎకరాల్లో మేం బెండ, గోంగూర, కాకర మొదలుపెడతాం. ఎడిసన్‌లో కూరగాయలకి కొనేవాళ్లు ఉన్నారు.

హంటర్‌డన్_వాసి:
కౌలు కాగితం మీద పెట్టుకోండి, కనీసం ఐదేళ్లకి. ఏడాదికి ఒకసారి రాసుకునే కౌలులో ఎవరూ భూమికి సున్నం వేయరు, ఎరువు పెట్టరు. ఎండుగడ్డి ఎంతకి అమ్మాడో రసీదులు ఆయన దగ్గర తీసుకుని దాచుకోండి, ఆగస్టు ఫారానికి అవే ఆధారం. గోంగూరకి నేలలో నీరు నిలవకూడదు, దక్షిణం వైపు వాలు చూసి వేయండి.

మంజీర:
చింతచెట్టు అన్నా, ఒక సాయం. ఆ డీడ్‌లో పేర్లు, నంబర్లు తీసేసి మిగతా షరతులు ఇక్కడ పెట్టగలరా? నేను తెలుగులో రాసి మా నాన్నకు పంపిస్తా. మా ఊళ్లో ఇంకా అమ్మకుండా ఉన్న రైతులు ఓ పదిహేను మంది ఉన్నారు. డబ్బిచ్చి రాయించుకునే కాగితం ఎట్లుంటదో వాళ్లు ఒకసారి కళ్లతో చూస్తే, ఎవరైనా నాయకుడు ఊళ్లోకి వచ్చినప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది.

చింతచెట్టు:
తప్పకుండా చెల్లెమ్మా. వచ్చే వారాంతంలో స్కాన్ చేసి పెడతాను.

ప్లీడరుగారబ్బాయి:
షరతులతో పాటు, ఎవరైనా ఉల్లంఘిస్తే ఎవరు కోర్టుకి వెళ్లొచ్చో చెప్పే పేరా కూడా పెట్టండి. మన దగ్గర బిల్లు రాయాల్సి వస్తే ముందు చూడాల్సింది అదే. తెలుగు చేసేటప్పుడు నేనూ ఒక చెయ్యి వేస్తాను, మంజీర గారూ.